చలిమిడిలో పిడికిలి

శనివారం పొద్దున్నే శ్రీనివాసమూర్తి భార్యను చలిమిడి చేయమన్నాడు. తినాలని కాదు. ఆమెకు తెలియకుండా ఆమె పిడికిలి కొలత కావాలి.

లక్ష్మీబాయి అనంతపురం కాలేజీలో ఎన్‌సీసీ అమ్మాయి. టోపీ పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి తుపాకి గురిపెట్టిన ఆమెను చూసే అతను మనసు పారేసుకున్నాడు. ఇన్నేళ్లకు ఆక్లాండ్‌లో ఆమె లైసెన్సు తెచ్చుకుని పిస్టల్ క్లబ్బులో చేరితే, కొన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పిడి లావు. వేలు ట్రిగ్గర్‌కు అందదు. "ఇంక నా వల్ల కాదు, అమ్మేస్తాను" అని నిన్న ఆమె అన్నప్పటి నుంచీ అతనికి ఒకటే దిగులు. ఆ ఎన్‌సీసీ అమ్మాయి మళ్లీ కనబడదేమోనని.

క్లబ్బులో పెద్దావిడ ఇంద్రావతి. ఫిజీ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. పిడికి అటూ ఇటూ ఉన్న పలకలు తీసేసి బిగించే సన్నని గ్రిప్పులు ఆవిడ దగ్గర రకరకాల మందాల్లో ఉన్నాయి. "చెయ్యి కొలత తే బాబూ, సరిపోయేది చూస్తా" అంది.

"ఓ ముద్ద గట్టిగా పిసికియ్యి లక్ష్మీ, మా అమ్మ అట్లే పెట్టేది" అన్నాడు శ్రీనివాసమూర్తి. ఆమె వింతగా చూస్తూనే పిసికిచ్చింది. నాలుగు వేళ్లూ అచ్చుపడ్డాయి.

ముద్దను డబ్బాలో పెట్టుకుని ఇంద్రావతి ఇంటికి బయల్దేరి, అది అంటుకోకుండా అరిటాకు కొందామని దారిలో శాండ్రింగ్‌హామ్‌లో ఇండియన్ కొట్టు దగ్గర ఆగాడు. కొట్లో పొరుగింటి ఆశాజ్యోతి డబ్బాలోకి తొంగిచూసింది.

"చలిమిడే! ఎవరికండీ?"

"ఇప్పుడే బయటపెట్టకూడదండీ. సర్‌ప్రైజ్."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. పెళ్లయిన కూతురున్న ఇంట్లో చలిమిడి ఎందుకు చేస్తారో ఆవిడకు ఒకరు చెప్పాలా?

పాపటోయిటోయిలో ఇంద్రావతి ఇంటికెళ్లి ఆవిడ చేతికి డబ్బా ఇచ్చాడో లేదో, ఫోన్ మోగింది. వరండాలోకి వెళ్లాడు.

"ఏమండీ, ఎవురికేం చెప్పినారు? ఇంటినిండా ఆడవాళ్లు! గాజులు, పండ్లు తెచ్చినారు. మన రుచితకు నెల తప్పిందంట!"

పక్కనుంచి రుచిత అందుకుంది. "డాడ్, నేను ప్రెగ్నెంట్ అని లాస్ట్‌లో నాకా చెప్పేది?"

గత్యంతరం లేక ఉన్నదంతా కక్కేశాడు. లోపలికొచ్చేసరికి డబ్బా ఖాళీ. ఇంద్రావతి కళ్లు తుడుచుకుంటోంది.

"మా అవ్వ చేసేది బాబూ. ఆమె పోయాక మళ్లీ ఇదే తినడం. కొలత ఏదీ, తెచ్చావా?"

అతనికి కోపం రాలేదు. తనకూ అమ్మ గుర్తొచ్చింది.

కాసేపటికి రుచిత కారులో లక్ష్మీబాయి దిగింది. "నా చెయ్యి నా దగ్గరే ఉందిగదా, నన్నే పిల్చకపోతిరా?"

ఇంద్రావతి అదే రకానికి చెందిన తన ఖాళీ పిస్టల్‌కు గ్రిప్పులు ఒక్కొక్కటే మార్చి చేతికిచ్చింది. అన్నిటికన్నా పల్చటివి బిగించాక లక్ష్మీబాయి వేలు ట్రిగ్గర్‌కు చక్కగా అందింది. గోడకేసి గురిపెట్టి ఊపిరి బిగబట్టింది. టోపీ ఒక్కటే తక్కువ. శ్రీనివాసమూర్తికి కళ్లు చెమర్చాయి.

"పిస్టల్ అమ్మను లెండి" అంది ఆమె, చెయ్యి దించకుండానే.

అల్లుడు అభినవ్ మాత్రం అప్పటికే ఆఫీసులో పితృత్వ సెలవు అడిగేశాడు.