మా వీధిలో కరెంటు పోదు

మా వీధిలో కరెంటు పోదు. ఏడేళ్లుగా పోలేదు. నమ్మకం లేనివారు విద్యుత్ కార్యాలయానికి వెళ్లి, ఇంజనీరుగారి కుర్చీ వెనక అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన ఏడు షీల్డులను చూడవచ్చు. అంతరాయం లేని సరఫరాకు ఏటా ఒకటి చొప్పున వచ్చాయి. చీకట్లో బీరువా సరిగా కనిపించకపోతే కాసేపు ఆగాలి. కరెంటు వచ్చాక కనిపిస్తుంది.

ఇలాంటి వీధిలో మా దర్జీ అక్కయ్య డాబా మీద నాలుగు సౌర పలకలు పెట్టించింది. ఆమెకు రెండు కరెంటు మిషన్లు, వాటి మీద కుట్టే ఇద్దరు ఆడవాళ్లు, కుట్టిన ప్రతి చొక్కాలోనూ వంకర కనిపెట్టే అత్తగారు ఉన్నారు. పలకలకు కారణం బడి. హెడ్మాస్టరుగారు వార్షికోత్సవంలో మైకు పట్టుకుని, "ఇకనుంచి మన పిల్లలు సూర్యుడు కుట్టిన చొక్కాలే తొడుగుతారు!" అని ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. మూడు వందల చొక్కాల పని అక్కయ్యకే ఇచ్చారు గాని, బడి తెరిచేలోగా సౌరవిద్యుత్ అనుమతిపత్రం చూపాలన్నారు. చూపకపోతే కుట్టిన చొక్కాలు ఆమెకే మిగులుతాయి, ఇద్దరు ఆడవాళ్ల పనీ పోతుంది.

'చిన్న తరహా సౌర వ్యవస్థలను గ్రిడ్డుకు కలుపుటకు నిబంధనలు' అనే పుస్తకం నూట పన్నెండు పేజీలు. చిన్నది వ్యవస్థే గాని పుస్తకం కాదు. అక్కయ్య అన్నీ సమర్పించింది. డాబా తనదేనని ఒక పత్రం, దాని మీద ఎండ పడుతోందని ఒక పత్రం, ఆ ఎండపై ఇరుగుపొరుగుకు అభ్యంతరం లేదని ఇంకొకటి. మిగిలింది నలభై ఒకటో నిబంధన. వీధిలో కరెంటు పోతే ఇంటి పలకలు కూడా ఆ క్షణమే ఆగిపోవాలి. లేకపోతే తీగలో కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. ఇందులో నవ్వడానికేమీ లేదు, బంగారంలాంటి నిబంధన. పలకలు ఆగడం ఇంజనీరుగారు కళ్లారా చూసి రాయాలి, అంతే.

ఇంజనీరుగారు లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చి, పరీక్ష కోసం పలకలను తీగకు కలిపించారు. సరిగ్గా పదకొండుకు, రోజూలాగే, ఫ్యాను ఆగింది. మిషన్లు కాలరు మధ్యలో ఆగాయి. గోడ మీద, పలకల కరెంటును ఇంటికి అందించే పెట్టెలో పచ్చదీపం కూడా టక్కున ఆరింది.

"పోయిందండీ! ఇదీ ఆగిందండీ!" అంది అక్కయ్య సంబరంగా.

"ఏం పోయిందమ్మా?"

"కరెంటండీ."

ఇంజనీరుగారు చెమట తుడుచుకుని రిజిస్టరు తెరిచారు. "మా రికార్డు ప్రకారం ఉందమ్మా. కరెంటు ఉండగా మీ పెట్టె ఎందుకు ఆగినట్టు?"

అక్కయ్య ఆగిన ఫ్యాను వైపు వేలు చూపింది. ఆయన బాధపడుతూనే రాశారు: 'సరఫరా ఉండగానే వ్యవస్థ నిలిచిపోయినది. అనర్హము.' రిజిస్టరులో అంతరాయం ఎక్కాలంటే వీధిలో పదిమంది సంతకాలతో ఫిర్యాదు రావాలని కూడా సెలవిచ్చారు. కలిపిన తీగ విప్పడానికి వేరే అనుమతి కావాలి కనుక దాన్ని అలాగే వదిలేసి వెళ్లారు.

అక్కయ్య కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒక్క సంతకం రాలేదు. మా మీద కోపగించుకోకండి, మాకో పద్ధతి ఉంది. కరెంటు పోగానే గుమ్మంలోకి వచ్చి ఎదురింటివైపు చూస్తాం. అక్కడా పోయి ఉంటే, "అందరికీ పోయిందిలే" అని స్థిమితపడి లోపలికి వెళ్తాం. అందరికీ పోయినదాని మీద ఫిర్యాదేమిటి? నేనూ అదే చెప్పి, మంచినీళ్లిచ్చి పంపాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది. అయినా సంతకం పెట్టలేదు.

బడి తెరవడానికి మూడు రోజులుందనగా లైన్‌మన్ ఆమె గుమ్మంలో ఆగాడు. "అక్కా, కరెంటు పోయిందని ఈ వీధిలో ఎవరూ రాయరు. నీకు పోలేదంటే మాత్రం రాస్తారు," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు పదకొండుకు కరెంటు పోయింది. గుమ్మాల్లోకి వచ్చాం. అక్కయ్య ఇంట్లో మిషను కటకటా నడుస్తోంది! కిటికీలోంచి ఆమె చేతులూ, కదులుతున్న గుడ్డా కనిపించాయి. ఎంత అన్యాయం! అరగంటలో ముప్పై రెండు సంతకాలు పడ్డాయి. 'వీధి అంతటా కరెంటు పోయి ఉండగా, సదరు ఇంట మాత్రం మిషను నడుచుచున్నది.' మూడో సంతకం నాది. దస్తూరి ఎప్పుడూ లేనంత బాగా కుదిరింది.

ఇంజనీరుగారు పరుగున వచ్చేసరికి కరెంటింకా రాలేదు. లోపల అత్తగారు తన కాలంనాటి కాలిమిషను వెనకగదిలోంచి తెప్పించి, దాని పక్కన కూర్చుని తొక్కుతోంది. కోడలు గుడ్డ జరుపుతోంది. "ఆ కాలరు చూడు, ఎలా వంకరపోయిందో," అని పెద్దావిడ సణుగుతూనే ఉంది. గోడ మీద పచ్చదీపం ఆరి ఉంది. ముప్పై రెండు సంతకాల ముందు రిజిస్టరు ఏం చేయగలదు? 'అంతరాయము కలదు. వ్యవస్థ తక్షణమే నిలిచినది. అర్హము.' రాసి, బీరువాలోని షీల్డులను తలుచుకున్నారు, పాపం.

బడి తెరిచిన రోజు పిల్లలు కొత్త చొక్కాల్లో బారులు తీరారు. హెడ్మాస్టరుగారు సూర్యుడికి ధన్యవాదాలు తెలిపారు. అత్తగారు తొక్కినవాటిలో సూర్యుడు ఒక్క బొత్తం కూడా కుట్టలేదు. వెనక వరసలో అత్తగారు మోకాళ్లు ఒకసారి నొక్కుకుని చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు పలకలు పనిచేస్తున్నాయి. నిబంధన ప్రకారం మాతోపాటే ఆగుతున్నాయి కూడా. పదకొండు కాగానే గుమ్మాల్లోకి వచ్చి అక్కయ్య ఇంటివైపు చెవి పెడతాం. ఏ చప్పుడూ ఉండదు. హమ్మయ్య అనుకుని లోపలికి వెళ్తాం. మళ్లీ ఒక్క ఫిర్యాదూ రాలేదు, బీరువాలో కొత్త షీల్డుకు జాగా తుడిచి ఉంచారట. మీ వీధిలోనూ కరెంటు పోదనే అనుకుంటాను. అయినా, ఒకసారి పక్కింటివైపు చూసి చెప్పండి.