పురుషోత్తం గొంతు

ఒక పెద్ద అడవిలో తాగునీటికి ఒక్క వాగే ఉండేది. ఆ వాగుకు ఎగువన నక్కగారు జూలు నూనె కార్ఖానా పెట్టారు. సింహరాజుగారి జూలు నిగనిగలాడేది ఆ నూనెతోనే. కనుక కార్ఖానా కడుగునీళ్లు వాగులోకి వదిలినా ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు.

దిగువ మడుగులో పురుషోత్తం అనే మగకప్ప కాపురం. తొలకరి పడిందంటే మొదట లేచే గొంతు అతనిదే. ఆ గొంతు మీద మనసుపడి కోటమ్మ అతన్ని చేసుకుంది.

ఈ ఏడు తొలకరికి పురుషోత్తం గుండెల నిండా గాలి పీల్చి నోరు తెరిస్తే కీచుమని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. నాలుగు వారాలు తిరిగేసరికి పొట్ట ఉబ్బింది. ఆపైన గుడ్లు పెట్టాడు. మడుగులో మగకప్పలన్నిటిదీ అదే వరస.

"ఏందయ్యా ఇది, ఆ పని నాది గదా," అంది కోటమ్మ.

"నాకు మాత్రం సరదానా," అన్నాడు పురుషోత్తం, నాచు కిందికి జరిగి.

సిగ్గు సంగతి అలా ఉంచితే, ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. ఆమె గుడ్లూ, అతని గుడ్లూ కలిసి మురిగిపోయాయి. నిరుడు మడుగంతా గిజగిజలాడిన తోకకప్పలు ఈసారి మందుకైనా లేవు. కోటమ్మ ఆ గుడ్ల చుట్టూనే తిరుగుతూ ఏడుస్తుంటే పురుషోత్తం చూడలేక ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాడు. కార్ఖానా నీళ్ల మీద ఫిర్యాదుకు ఇద్దరూ అటవీ కార్యాలయానికి వెళ్లారు.

అక్కడి గుమాస్తా గాడిద. "మగకప్ప ఫిర్యాదు మగకప్ప గొంతుతోనే చెప్పుకోవాలి. ఏదీ, ఒకసారి బెకబెకమను," అన్నాడు.

పురుషోత్తం కీచుమన్నాడు.

"చెల్లదు. నువ్వు మగకప్పవని రుజువేది?"

"అదే కదండీ నా ఫిర్యాదు."

"ముందు గొంతు తెచ్చుకో. గొంతు పోయిందని తర్వాత చెప్పుకుందువు."

ఆ నిబంధన రాయించింది నక్కగారే. అది చూసి ముచ్చటపడి, రాజాజ్ఞ కూడా గర్జిస్తేనే చెల్లాలని రాజుగారు కింద ఇంకో వాక్యం చేర్పించుకున్నారు.

పైగా ఏటా జరిగే సభలో నక్కగారు నివేదిక చదివారు. "నిరుడు కప్పల్లో సగమే గుడ్లు పెట్టాయి. ఈ ఏడు అన్నీ పెట్టాయి. అంతా మన వాగు చలవ." రాజుగారు ఆయనకు శాలువా కప్పారు. మరి పిల్లలేవీ అని కోటమ్మ అడిగితే, అది వేరే శాఖ చూస్తుందన్నారు.

వానలు వెనకబట్టేసరికి రాజుగారి జూలు రాలడం మొదలైంది. ఆయన తాగేదీ ఆ వాగు నీళ్లే మరి. జూలు రాలేకొద్దీ నూనె మరింత పట్టించారు. నూనె తీసేకొద్దీ కడుగునీళ్లు మరింత పారాయి. చివరికి ఒకనాడు గర్జించబోతే మేకపిల్ల గొంతు వచ్చింది. అప్పటికి సంగతి తలకెక్కి, కార్ఖానా మూయించడానికి కార్యాలయానికి పరుగెత్తారు.

గుమాస్తా ఆ బోడి తలను ఎగాదిగా చూశాడు. "రాజాజ్ఞ అయితే గర్జన కావాలి. ఏదీ, ఒకసారి గర్జించు."

"మే... మే," అన్నారు రాజుగారు.

"చెల్లదు," అన్నాడు గుమాస్తా.

మళ్లీ అర్జీతో వచ్చిన పురుషోత్తానికి నవ్వొచ్చింది. కానీ నవ్వడానికైనా గొంతుండాలి కదా. కోటమ్మ మాత్రం కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

"మా ఆయన వెనకాల నిలబడండయ్యా. మేం ముందొచ్చినాం," అంది.

కార్ఖానా ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అందుకని, రోగం మీద ఫిర్యాదు చేయదలచినవాళ్లు అది రాకముందే వెళ్లి చేసుకోవడం మేలు.