నీడ మీద సర్వే

పరిశోధన పద్ధతుల పాఠం ఎంత గొప్పదంటే, ఎదురుగా లేనిదాన్ని కూడా కొలిచి పారేస్తుంది! నమ్మకపోతే కుసుమకుమారిని అడగండి.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డున చేపలమ్మే లక్ష్మణమ్మ కూతురామె. ఆ ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి మనిషి. స్టాటిస్టిక్స్ అంటే గుండె దడ. అయినా పీహెచ్‌డీ గైడు యుగంధర్ గారు అభయమిచ్చారు. "చేపల మార్కెట్ షెడ్డుపై మత్స్యకార మహిళల సంతృప్తి" అని టాపిక్కూ ఇచ్చారు.

ప్రశ్నలు పట్టుకుని కుసుమ ముందు అమ్మ దగ్గరకే వెళ్లింది.

"షెడ్డుతో సంతృప్తిగా ఉన్నావామ్మా?"

"ఏ షెడ్డే? ఎండలో కూకుని అమ్ముకుంతన్నాను, నీకు కనబడ్డం నేదేటి?"

పక్కనున్న కూర్మమ్మా, ఈశ్వరీ కూడా అదే మాటన్నారు. అధికారులు కట్టేశామని చెప్పుకుంటున్న షెడ్డు ఇసుక మీద మాత్రం లేదు.

కుసుమ పరుగున వెళ్లి చెప్పింది. సారు చలించలేదు. లేని షెడ్డు మీద తృప్తీ ఉండదు, అసంతృప్తీ ఉండదు. కనుక అందరికీ "తటస్థం" గడిలో టిక్కు పెట్టమన్నారు. ఎంత న్యాయం! తీరా చూస్తే, జవాబులన్నీ ఒకటే కావడంతో సాఫ్ట్‌వేర్ మొరాయించింది. తేడాలుంటేనే దానికి పని. ఊరంతా ఒక్కమాట మీద నిలబడితే స్టాటిస్టిక్స్ బతికేదెలా?

"పోనీ, అంకెలొదిలేసి క్వాలిటేటివ్‌గా వెళదాం. మాట్లాడించి రికార్డు చెయ్యి," అన్నారు సారు. "మీ అమ్మను మాత్రం వదిలెయ్. ఆవిడ చెబితే బయాస్, పక్షపాతం. పక్కావిడ చెబితే డేటా."

సెమినార్ రోజున మాత్రం ఆ "తటస్థం" టిక్కులే తెరమీద రంగురంగుల గ్రాఫయ్యాయి. అసంతృప్తి సున్నా! అధికారులు చప్పట్లు కొట్టారు. కుసుమకు ఎండకు కమిలిన అమ్మ మొహం గుర్తొచ్చింది. లేచి నిలబడింది.

"సార్, అక్కడ షెడ్డు లేదండి."

డాక్టరేట్ గంగలో కలిసిందనుకుంది. కలవలేదు! "అద్భుతమైన రీసెర్చ్ గ్యాప్! ఇంతవరకూ ఎవరూ ముట్టని అంశం!" అన్నారు యుగంధర్ గారు. షెడ్డు లేకపోవడం మీద కొత్త ప్రాజెక్టు మంజూరైంది.

పరిశోధకులకు ఎండ తగలకుండా ఒడ్డున షామియానా వేశారు. చేపలమ్మే ఆడవాళ్లంతా తట్టలెత్తుకుని దాని కిందకు చేరిపోయారు.

"ఒసే కుసుమా, ఈ పరిశోదనేదో రోజూ పెట్టండే. నీడ పడతన్నాది!" అని మురిసిపోయింది లక్ష్మణమ్మ.

సాయంత్రం షామియానా విప్పుతుంటే కుసుమ వెళ్లి గుంజ పట్టుకుంది. "ఇదొక్కటీ ఉంచెయ్యండి సార్."

యుగంధర్ గారు నొచ్చుకున్నారు. "ఎలా కుదురుతుందమ్మా? వీళ్లకి నీడ వచ్చేస్తే, వచ్చే ఏడాది మనం దేన్ని పరిశోధించాలి?"