కూడలికి తగిన ప్రముఖుడు

"మన మోంబ్రెజాక్‌కు ఒక ప్రముఖుడు కావాలి!" అని మేయర్ హెక్టర్ వలాదూ గారు గ్రామసభలో గంభీరంగా ప్రకటించారు. పక్క ఊరికి చిత్రకారుడున్నాడు. ఆ పై ఊరికి సేనాపతి ఉన్నాడు. అదీ ఆ సేనాపతి తల్లికి దారిలో నొప్పులొచ్చి అక్కడ బండి ఆపిన పుణ్యం.

వెతగ్గా వెతగ్గా అర్మాన్ దొరికాడు. తొంభై దాటినవాడు. వయసులో ఉండగా ఫ్రాన్సంతా చుట్టే సైకిల్ పందెంలో అందరికన్నా చివర వచ్చాడు. మధ్యలో మానలేదు కదా, అదీ గొప్పేనని సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. చర్చి ముందు కూడలికి ఆయన పేరు, నడుమ కంచు సైకిలు.

ఆ మాట చెప్పడానికి మేయర్ గారు స్వయంగా వెళ్లేసరికి అర్మాన్ గుండె పట్టుకుని తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"కూడలి నాకెందుకురా హెక్టర్? ఊళ్లో ఖాళీగా పడున్న డాక్టర్ గది పైకప్పు బాగుచేయించు. అది కురవకపోతే ఒక డాక్టరమ్మ మన ఊరికి వస్తానంటోంది."

"ఉన్న నిధి ఒక్కదానికే సరిపోతుంది పెద్దాయనా. పైకప్పును ఎవరు చూస్తారు? కంచు సైకిలైతే రోడ్డు మీదికి కనిపిస్తుంది."

డాక్టరమ్మ చిత్రకారుడి ఊరికి వెళ్లిపోయింది.

అప్పుడొచ్చింది చిక్కు. బతికున్నవాళ్ల పేరు కూడలికి పెట్టే ఆనవాయితీ ఆ ఊళ్లో లేదు. కూడలి ప్రారంభానికి జిల్లా అధికారి వచ్చే తేదీ ఖరారైంది, అర్మానే ఖరారు కాలేదు. మేయర్ గారు రోజూ పరామర్శకు రాసాగారు.

"ఎలా ఉంది పెద్దాయనా?"

"కాస్త నయం."

"అయ్యో!"

అర్మాన్ నిజంగానే నొచ్చుకున్నాడు. "నా వల్ల నీ మాట పోయేట్టుందిరా. పందెంలోనూ ఇంతే, నేనొచ్చేదాకా అందరూ కాచుక్కూచున్నారు."

ఆ రోజు రానే వచ్చింది. మేయర్ హోదా చూపే మూడు రంగుల పట్టీ కట్టుకుని, మండే ఎండలో మేయర్ గారు ప్రసంగం అందుకున్నారు. "దివంగత అర్మాన్ గారు..." ముందు వరసలో అర్మాన్ వినయంగా టోపీ తీశాడు. "ఈ ఊరి గాలి చాలు, మందులక్కర్లేదు..." అంటూనే మేయర్ గారు ఛాతీ పట్టుకుని కూలబడ్డారు.

"డాక్టర్! డాక్టర్!" అని జనం అరిచారు. డాక్టర్ గది పైకప్పు లోంచి రెండు పావురాలు లేచాయి. పక్క ఊరి నుంచి డాక్టరమ్మ వచ్చేసరికి మేయర్ గారు కూడలికి అర్హత సంపాదించేశారు.

ఖర్చెందుకని అర్మాన్ పేరు చెక్కిన ఫలకాన్నే తిరగేసి, వెనక వైపు ఆయన పేరు చెక్కించారు. జన్మలో సైకిలెక్కని హెక్టర్ పేరు కంచు సైకిలు కింద వెలిసింది. తెర లాగే గౌరవం అర్మాన్‌కు దక్కింది. ఆ కాస్త పనికే ఆయాసం ముంచుకొచ్చింది.

"ఆ పైకప్పు సంగతి..." అన్నాడు కొత్త మేయరమ్మతో.

"చర్చి వెనక వీధికి ఇంకా పేరు పెట్టలేదండీ," అందావిడ, ఆప్యాయంగా ఆయన చెయ్యి పట్టుకుని. "ఎలా ఉంది పెద్దాయనా?"

"చాలా బాగుందమ్మా," అన్నాడు అర్మాన్, గుండె మీది రెండో చెయ్యి గబుక్కున తీసేసి.