పూజ పీట మీద ల్యాప్‌టాప్

ఆయుధపూజ నాడు కదిర్వేల్ పథకం చిన్నది. పూజయ్యాక గుప్పెడు మరమరాలు తిని ఇంటికి పోవడం. కోయంబత్తూరు పంపుసెట్ల కంపెనీలో నెట్‌వర్కు చూసేది అతనే. చూస్తున్నది మాత్రం కాంట్రాక్టు మీద. పర్మినెంటు ఉత్తర్వు టైపై, సంతకం కోసం మేనేజరు దైవనాయగం సొరుగులో ఎప్పటి నుంచో మగ్గుతోంది.

రూటరు ముసలిది. కొత్త సాఫ్ట్‌వేరు దాని మెమరీలో పట్టదు. మెమరీ కార్డు కొనమంటే దైవనాయగం "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దామంటే చూడడని అర్థం. అందుకని కదిర్వేల్, ఆన్ చేసినప్పుడల్లా సాఫ్ట్‌వేరును తన ల్యాప్‌టాప్ నుంచి తెచ్చుకోమని రూటరులో ఒక లైను రాసిపెట్టాడు. రూటరును ఎవరూ ఆపరు గనక ఫరవాలేదనుకున్నాడు.

పొన్నమ్మాళ్ ఆపింది. ఆఫీసు తుడిచి, పూజ ఏర్పాట్లు చూసే మనిషి ఆమె.

"ఏంటక్కా, వైరు పీకేశావు?"

"ఏడాదంతా కళ్లు మిటకరిస్తూ చాకిరీ చేస్తోంది తంబీ. ఈ పూటైనా స్నానం వద్దా దానికి?" అంటూ తడిగుడ్డతో తుడిచి, చందనం పూసి బొట్టు పెట్టింది. ల్యాప్‌టాప్ అప్పటికే వైర్లన్నీ ఊడి సరస్వతి పటం ముందు, స్పానర్ల పక్కన దండేసుకుని కూర్చుంది.

హారతయ్యాక దైవనాయగం గొంతు సవరించుకున్నాడు. "పీట మీదివి రేపు పొద్దున పర్మినెంటు వాళ్లే తియ్యాలి. కాంట్రాక్టు వాళ్లు ముట్టుకున్నారో, ఇంటికే." అమ్మవారికి లేని తేడా ఆయనకుంది.

రూటరుకు వైరు పెట్టారు. లేచింది, ల్యాప్‌టాప్ కోసం వెతికింది, దొరక్క మళ్లీ పడుకుంది. నెట్‌వర్కు లేక బిల్లు రాలేదు. బిల్లు లేనిదే గేటు దగ్గర పంపుల లారీ కదలదు. రాహుకాలంలోపు అది కదలకపోతే యజమాని ఊరుకోడు.

"దిష్టి సార్. దీనికి గుమ్మడికాయ కొట్టలేదు" అన్నాడు లారీ డ్రైవరు చొక్కన్. కొట్టారు. ఆ ముక్క మీద కాలేసి దైవనాయగం జారి పడ్డాడు. నిమ్మకాయ కట్టారు. రూటరు ఎర్రగా చూస్తూనే ఉంది.

"ఏం కావాలయ్యా దీనికి?" అన్నాడు దైవనాయగం నడుం పట్టుకుని.

"నా ల్యాప్‌టాప్ సార్."

"తియ్యి మరి."

"నేను కాంట్రాక్టు సార్."

దైవనాయగం లెంపలేసుకుని తనే తీసి తెచ్చాడు. కదిర్వేల్ చేతులు కట్టుకున్నాడు. "ముట్టుకోను సార్. నేను చెప్తా, మీరు కొట్టండి."

ఆయన ఒంటి వేలితో కొట్టాడు. తప్పు. మళ్లీ కొట్టాడు. కుంకుమ మీటల సందుల్లోకి దిగింది గానీ రూటరు లేవలేదు. ఈలోగా యజమాని ఫోను. "కదుల్తోంది సార్, కదుల్తోంది" అని పెట్టేసి, గడియారం చూసి, సొరుగు లాగాడు.

"పెన్నివ్వు."

"పెన్నులన్నీ పూజలో ఉన్నాయి సార్."

పొన్నమ్మాళ్ పీట మీంచి ఒకటి తెచ్చిచ్చింది. "అమ్మవారేమీ అనుకోదులే సార్. మంచి పనికేగా."

సంతకం తడి ఆరకముందే కదిర్వేల్ కట్టుకున్న చేతులు విప్పి మీటలు నొక్కాడు, రూటరు లేచింది. రాహుకాలం రాకముందే లారీ గేటు దాటింది.

పండగ సెలవులయ్యాక దైవనాయగం ఎవరూ అడక్కుండానే మెమరీ కార్డు తెప్పించి, రూటరులోని ఆ ల్యాప్‌టాప్ లైను వెంటనే తీసెయ్యమన్నాడు.

కదిర్వేల్ కార్డును అటూ ఇటూ తిప్పి, "చూద్దాం సార్" అన్నాడు.