ఖాళీ సాకెట్టూ పాసే!

డిఫాల్ట్ సెట్టింగులు కనిపెట్టిన మహానుభావుడి రుణం మనం తీర్చుకోలేం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను! మనిషికి ఆలోచించే బాధ తప్పించినవాడికంటే ఉపకారి ఎవరుంటారు?

ఆసుపత్రి మంచాల పక్కన రోగులు నొక్కే బెల్లులకు సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడ టెస్టింగ్ సెక్షన్ చూసే ఆవిణ్ని చిన్నా పెద్దా అందరూ ‘అక్కా’ అనే పిలుస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక అక్క పని నల్లేరు మీద నడకైపోయింది. బోర్డు సాకెట్లో పెట్టడం, బటన్ నొక్కడం, తెర పచ్చబడటం. పాస్! మళ్లీ పాస్! ఫెయిల్ అనే మాటే వినపడక మేనేజర్‌గారికి బీపీ తగ్గింది. ఏ డాక్టరైనా ఇవ్వగలడా అలాంటి మందు?

ఒకరోజు అక్క ఫోన్లో కూతురికి లెక్క విడమరిచి చెబుతూ, బోర్డు పెట్టడం మరిచిపోయి బటన్ నొక్కేసింది.

ఖాళీ సాకెట్టు పాసైపోయింది!

అక్క ఫోన్ పక్కన పెట్టింది. సెట్టింగులు తెరిచి చూసింది. బెల్లు మోగాలంటే ఐదు వోల్టులు రావాలి. సాఫ్ట్‌వేరేమో సున్నా నుంచి వెయ్యి దాకా ఏదొచ్చినా సరేనంటోంది. ఎంత విశాల హృదయం! మన చుట్టాల్లో ఒక్కరికైనా ఉందా?

“సార్, ఏమీ పెట్టకపోయినా పాసంటోంది,” అని మేనేజర్ దగ్గరికి పరిగెత్తింది.

“ఏమీ పెట్టనప్పుడు తప్పెలా దొరుకుతుందమ్మా?”

“అసలీ లిమిట్లు ఎవరు పెట్టారు సార్?”

“ఎవరూ పెట్టలేదు. డిఫాల్ట్‌గా, సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చాయి. వాటి జోలికి పోకు.”

విన్నారా? ఎవరూ పెట్టలేదట! ఎంత హాయైన మాట! అక్క వెనక్కి వచ్చింది కానీ, ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు ఆసుపత్రి నర్సు ఒకావిడ చేతిలో బోర్డుతో స్వయంగా దిగింది.

“మా వార్డులో ఒక పెద్దాయన బెల్లు నొక్కీ నొక్కీ, ఎవరూ రావడం లేదని తనే మంచం దిగబోయాడండీ. పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మాకు వినపడితే కదా!”

మేనేజర్ దర్జాగా ఆ బోర్డును సాకెట్లో పెట్టించాడు. తెర పచ్చబడింది.

“బోర్డు భేషుగ్గా ఉంది. మీ వాళ్ల చెవులే ఓసారి చూపించండి.”

నర్సు అక్క వైపు చూసింది. అక్క కుర్చీ లాక్కుని కూర్చుని లిమిట్లు సరిచేసి మళ్లీ నొక్కింది. తెర ఎర్రబడింది. మేనేజర్ ముఖమూ ఎర్రబడింది.

సేవ్ చేయబోతే సాఫ్ట్‌వేర్ బాధ్యుల పేరు అడిగింది. అక్క తన పేరు కొట్టింది. చెల్లదంది! పేరులో చుక్కలు ఉండకూడదట. పొడి అక్షరాలు తీసేసింది. ఖాళీ ఉండకూడదట. రెండు ముక్కలూ కలిపేసింది. పొడవెక్కువైందట! కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న పేరు, శుభలేఖలో నిక్షేపంగా అచ్చయిన పేరు, ఇక్కడికొచ్చేసరికి పనికిరాకుండా పోయింది.

“అడ్మిన్ అని కొట్టవమ్మా, ఒప్పుకుంటుంది,” అన్నాడు మేనేజర్ విసుగ్గా.

“అడ్మిన్ అంటే ఎవరు సార్?”

“ఎవరూ కాదు. అందుకే ఒప్పుకుంటుంది.”

అక్క అడ్మిన్ అనే కొట్టింది. వెంటనే సేవ్ అయింది. తర్వాత తెల్ల టేపు ముక్క ఒకటి చింపి, దాని మీద తన పూర్తి పేరు, చుక్కలతో సహా, కింద ఫోన్ నంబరుతో రాసి మెషిన్ నెత్తిన అంటించింది.

“పిచ్చా నీకు? రేపేదైనా జరిగితే నిన్నే పట్టుకుంటారు!”

“పట్టుకోవడానికి ఒకరుండాలి కదా సార్,” అని అక్క, పాసై గోడౌన్‌కూ ఆసుపత్రులకూ చేరిన బోర్డులన్నీ వెనక్కి తెప్పించమని కబురు పెట్టింది.