మేడ మీద ఎనభై సంచులు

ఆ ఉదయానికి అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి మేడ మీద టమాటా మొక్కలకు నీళ్ళు, పదింటికి విత్తనాల కంపెనీ అధికారిణికి నమస్కారం. యూనివర్సిటీలో అనువర్తిత జన్యుశాస్త్రం చివరి ఏడాది. ఆవిడ మెచ్చితే ఉద్యోగం, లేదంటే ఇంకో ఏడాది ఎదురుచూపు. అందుకే ముందురోజే పది మొగ్గల్లో కేసరాలు తీసేసి, వేరే రకం పుప్పొడి అద్ది, మరే పుప్పొడీ సోకకుండా కాగితపు సంచులు తొడిగి, గుర్తుకు ఎర్ర దారం కట్టుకుంది.

తొమ్మిదింటికి మేడెక్కి చూస్తే సంచులు ఎనభై. అన్నిటికీ ఎర్ర దారమే.

"నాన్నా!"

దర్జీ పని మానేసి ఏడాదైనా చేతులు ఊరుకోని నాన్న, కత్తెరతో సహా ప్రత్యక్షమయ్యాడు. "పది మొగ్గలకే తొడిగి వదిలేశావేంటమ్మా? ఒక చేతికే కఫ్ కుట్టినట్టు! తెల్లారగానే కూర్చుని మిగతావీ పూర్తిచేశా."

"ఇప్పుడు నావేవో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. అదే కదా పనితనం!"

అమ్మాయికి ఏడుపొచ్చింది. కేసరాలు లేని పువ్వే తనది కాబట్టి, భూతద్దం పట్టుకుని ఒక్కో సంచీ విప్పసాగింది. ఇరవై విప్పినా ఒక్కటీ దొరకలేదు. కూతురి చెమటలు చూడలేక అమ్మ టేబుల్ ఫ్యాన్ మోసుకొచ్చి మీట నొక్కింది. విప్పిన సంచులన్నీ ఎగిరి మెట్ల మీద పడ్డాయి. వాటిని ఏరుకుంటూ అధికారిణి పైకొచ్చింది, అరగంట ముందే.

"ఎనభై సంకరాలా? ఉద్యోగానికి వచ్చినవాళ్ళందరూ పదే చేశారు. అన్నీ నువ్వే చేశావా?"

ఒక్క 'అవును' చాలు. అధికారిణి వెనక నిలబడి నాన్న, అవునను అన్నట్టు తెగ తలూపుతున్నాడు.

"పదే నావి మేడమ్. మిగతావి నాన్న ముచ్చటపడి కట్టారు. ఏవి నావో తెలీదు."

అధికారిణి భూతద్దం అందుకుని విప్పిన పువ్వులన్నీ చూసింది.

"ఊరికే సంచి తొడిగి, సొంత పుప్పొడితో కాయనిచ్చినవి నీ ప్రయోగంలో ఒక్కటీ లేవు. పోల్చడానికేం లేకపోతే ఫలితం ఎలా నమ్ముతాం? నువ్వు పంపిన వివరాలు చూసి, కుదరదని చెప్పి పోదామనే వచ్చాను. ఇప్పుడు విప్పనివి అరవై ఉన్నాయి. నీ పదీ మొలకల్లో తేలతాయి, అవి పోగా పోల్చడానికి యాభై దక్కాయి!" అని నాన్న వైపు తిరిగింది. "ఇంత బిగువుగా మా తోటలో ఎవరూ కట్టలేరండీ. మీరూ వస్తారా?"

సోమవారం ఇద్దరూ చేరారు, నాన్న కూతురి కింద. ఉద్యోగంలో అమ్మాయి పెట్టిన తొలి సంతకం నాన్న సెలవు చీటీ మీద: మంజూరు కాలేదు.